కొట్లాటలో దొరికిన జబ్బు

నాకు నోరెక్కువని అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. మా అత్తయితే కలిసినప్పుడల్లా అనేది. ఆమె నోరూ ఏమీ తక్కువ కాదు. కానీ ఆ రెండు నోళ్లూ ఒకరోజు దవాఖానలో కలబడకపోతే నా కూతురు నాకు దక్కేది కాదు. అందుకే నోరు తగ్గించుకోమని ఎవరు చెప్పినా నేను వినలేదు.

అప్పుడు మేము దేవరకొండలో ఉండేవాళ్లం. నేను ఆడపిల్లల బడిలో టీచరును. వానలు లేక, రేషన్ షాపులో బియ్యానికి బదులు గోధుమలు పోస్తున్న రోజులు. వీధంతా వాటిని తిట్టుకుంటూ తెచ్చుకుంటే నేను మాత్రం సంబరంగా తెచ్చుకున్నాను. గోధుమ బలమని కాలేజీలో చదువుకున్నదాన్ని కదా! పాపకు ఏడో నెల నుంచీ గోధుమజావ, ఉప్మా, పాలలో నానబెట్టిన బేకరీ డబల్ రొట్టె. కల్వకుర్తి దగ్గరి పల్లె నుంచి అత్త పంపే జొన్నలను పనిమనిషికి ఇచ్చేసేదాన్ని.

ఏడాది దాటేసరికి పిల్ల వాడిపోయింది. రోజుకు నాలుగైదు విరేచనాలు. పాలిపోయిన రంగు, జిడ్డు, ఎంత కడిగినా వదలని కంపు. పొట్ట కుండలా ఉబ్బింది. కాళ్లు పుల్లలయ్యాయి, పిరుదుల మీద చర్మం వదులై వేలాడింది. అడుగులు వేస్తున్నది మళ్లీ కూలబడింది. ముట్టుకుంటే ఏడుపు. పురుగుల మందు తాగించాం. అత్త పోరు పడలేక దిష్టి తీయించాం. నేను చేసింది మాత్రం ఒక్కటే: ఇంకాస్త జావ, ఇంకాస్త రొట్టె. చిక్కిన పిల్లకు బలం కావాలి కదా అని.

చివరికి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం, నేనూ అత్తా. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, కనురెప్పలు తిప్పి చూశాడు. నెత్తురు చాలా తక్కువ. విరేచనం పరీక్షలో పురుగుల్లేవు. "ఏం పెడుతున్నరమ్మా?" అని అడిగాడు.

"ఆమెనే అడుగుండ్రి సారూ," అత్త అందుకుంది. "గా డబల్ రొట్టె, గా జావ! నేను తీస్కపోయి నెల దినాలు ఉంచుకుంటి. జొన్న గట్క, మజ్జిగ పెడితి. దొడ్డికి గట్టిగయింది. పోరి నవ్వింది."

"నవ్వక ఏం చేస్తుంది అత్తా? నీ ముందర ఏడ్చే ధైర్యం ఎవరికుంది?"

"మల్ల నీ ఇంటికి రాంగనే మూల్గుడు ఎందుకు షురువైందే?"

"మీ ఊరి బావి నీళ్లు తాగొచ్చింది కనుక."

"దసరాకు గూడ గంతే గదా! తీస్కపోతే బాగైంది, తెచ్చి ఇడిస్తే బీమారొచ్చింది. దోషం నీ చేతిల ఉన్నది."

డాక్టరు కలం పట్టుకున్నాడు. "జర ఆగుండ్రి. మల్ల మొదటికెల్లి కొట్లాడుండ్రి, మెల్లగ. నేను రాసుకుంట."

మెల్లగా కొట్లాడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. కాగితం మీద ఒక పక్క నా ఇల్లు, ఒక పక్క అత్త ఇల్లు. ఎక్కడ ఏం తిన్నది, ఎప్పుడు ఎట్లా ఉన్నది.

"మీ ఇంట్ల గోధుమలు వండరా అవ్వా?"

"కంకి గూడ జూడలే సారూ. తినుడేడిది!"

ఆయన నావైపు తిరిగాడు. పేగు లోపల మఖ్మల్ గుడ్డకు ఉన్నట్టు సన్నటి నూగు ఉంటుందట. తిన్నదాని సారం పీల్చుకునేది అదేనట. కొందరు పిల్లలకు గోధుమ పడక ఆ నూగు పాడైపోతుందట. ఇక ఎంత తిన్నా ఒంటికి పట్టదు. నూనె, నెయ్యి కూడా జిడ్డుగా బయటికే. "ఖాయంగ చెప్పే పరీక్ష ఈడ లేదు. గోధుమ బంద్ చేసి చూసుడే పరీక్ష," అన్నాడు.

"ఉత్తరాది వాళ్లంతా గోధుమే తింటారు కదండీ," అన్నాను.

"వాళ్ల పేగు వాళ్లది. మీ బిడ్డ పేగు మీ బిడ్డది."

తిరుగు బస్సులో పిల్లను అత్తే ఒడిలో పెట్టుకుంది. ఆమె అనబోయే మాటలన్నిటికీ నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. బలమని అదంతా పెట్టింది నీ చేతులే కదా అంటుందని మాత్రం భయపడ్డాను. ఆమె ఆ మాట అనలేదు. పిల్ల తల నిమురుతూ, "నా జొన్నలు ఎవలికిచ్చినవే?" అంది.

తల దించుకున్నాను. "పనామెకు."

"ఆమె పిల్లలు మంచిగున్నరా?"

"గుండ్రాళ్లలా ఉన్నారు."

"పోనీ తియ్యి. ఒక ఇంటికన్న అక్కరకొచ్చినయి."

గోధుమ మానిపించిన పది రోజులకు పిల్ల చిరాకు తగ్గింది. నెలన్నరకు గోడ పట్టుకుని లేచింది. వాదించకుండా ఏదీ ఒప్పుకోని నేను, ఒకరోజు సగం బన్ను పెట్టి చూశాను. మర్నాటి నుంచి వారం రోజులు పిల్ల విరేచనాల గుడ్డలు ఉతికి ఒప్పుకున్నాను.

అత్త ఈసారి జొన్నల మూటతో తానే వచ్చి, నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి రొట్టె చరచడం నేర్పింది. నా మొదటి రొట్టె అంచులు పగిలి, నాలుగు దిక్కులకూ సాగింది.

"గిదేం రొట్టెనే? బడిల గోడకు తగిలిచ్చే దేశపటమా?"

నా దగ్గర మంచి జవాబే ఉంది. కానీ పిల్ల ఆమె మోకాలు పట్టుకుని నిలబడి, ఆ పటంలోంచి ఒక మూల విరుచుకుని నోట్లో పెట్టుకుంటోంది. నేను నోరు మూసుకుని రెండో రొట్టెకు పిండి తీసుకున్నాను.