చప్పుడు లేని డబ్బా

"ఇప్పుడేమైనా వినపడుతోందా?" అన్నారు మా ఆయన. "ఏం లేదు, చచ్చినట్టు పడుంది. ఇక తలుపేసుకుని చదువుకోండి" అన్నాను నేను. నేనన్నది కంప్యూటర్ని. మా ఇద్దరికీ ఆఖరి మాటలు అవే అయ్యాయి.

పదేళ్ళుగా ఆ కంప్యూటర్ మీద నా పాత చీర కప్పి ఉంచాను. మొన్న శనివారం మా మరిది కూతురు, అదే ఇప్పుడు ఇది రాస్తున్న పిల్ల, ఎమ్మెస్ చదువుతూ నా దగ్గరే ఉంటోంది, దాని లాప్‌టాప్ పాడైతే "పెద్దమ్మా, ఇది పనిచేస్తుందా?" అని చీర తీసి నొక్కింది. నేను పక్కనే చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నాను. అది మొదలైనట్టు నాకు తెలియనే లేదు. తలెత్తేసరికి తెర వెలిగి ఉంది.

దీనికి ముందున్న డబ్బా అలా కాదు. జెర్సీ సిటీలో మాది ఒక్క పడగ్గది ఇల్లు. అందులో ఆయన సీపీయూ పిల్లల బీరువా అంత ఉండేది. ఆన్ చేస్తే వడ్లమిల్లే. నాకు చదువు రాదు, సంతకం వరకే. మా అక్క రాసే ఉత్తరాలు ఆయనే చదివి పెట్టాలి. ఒకసారి విన్నాక మళ్ళీ వినాలనిపించేది నాకు. ఎన్నిసార్లని అడుగుతాను? అందుకని ఆయన డ్యూటీకి వెళ్ళాక వినుకోమని మైకు పెట్టి వాటిని రికార్డు చేశారు. వింటే ఏముంది, మా అక్క కష్టసుఖాల మీద ఒకటే హోరు. "మా అక్క ఉత్తరం మిల్లులో కూర్చుని చదివారేంటి?" అన్నాను. ఆయనకి రోషం వచ్చింది.

కొత్తది కొనే స్తోమత లేదు. మా చర్చిలో ఒకళ్ళు హెర్న్‌డన్ అనే ఊరికి మారిపోతూ పారేస్తున్న చిన్న ఖాళీ డబ్బా, చెప్పుల పెట్టెకి కాస్త పెద్దది, ఆయన తెచ్చుకున్నారు. పెద్దదాని పేగులన్నీ అందులోకి మార్చడానికి, వారానికొకటి చొప్పున, మూడు శెలవు రోజులు పట్టింది. మరలు కలిసిపోకుండా నా ఇడ్లీ రేకుల్లో గుంటకో రకం పోసుకున్నారు. ఆ మూడు వారాలూ ఇంట్లో ఉప్మాయే. హార్డ్ డిస్కు అదిరి గరగరమంటోందని నా బాత్రూం హవాయి చెప్పులు ముక్కలు కోసి దానికింద పెట్టారు. కొన్నదల్లా మెల్లగా తిరిగే ఫ్యాను ఒక్కటే. అంతా అయ్యాక ఆన్ చేస్తే ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. అడిగింది నేనే కదా, ఏమంటాను?

రికార్డు చేసేటప్పుడు తలుపు మూసి ఉండాలి, పిలవకూడదు. మొదటిసారి ఉప్పెంత వెయ్యాలో అడగాలని తలుపు తీసి చెడగొట్టాను. "ఇల్లంటుకున్నా సరే, ఈ తలుపు తియ్యకే!" అన్నారు. అందుకే ఆ ఆఖరి రోజు కూర దించి, బయట నుంచే, "అన్నం వడ్డించనా?" అన్నాను. పలకలేదు. పిలిచి మళ్ళీ పాడుచేశానే అని నాలుక కరుచుకుని వచ్చేశాను. అన్నం చల్లారాక తలుపు తీశాను. బల్ల మీద తల పెట్టుకుని ఉన్నారు. "క్షణంలో పోయారమ్మా, ఆయనకేమీ తెలియలేదు" అన్నాడు డాక్టరు. పదేళ్ళు ఆ మాట తలకింద పెట్టుకునే పడుకున్నాను.

వచ్చినవాళ్ళెవరో ఆ రికార్డు సేవ్ చేసి కంప్యూటర్ ఆపారట. మొన్న ఈ పిల్లకి దొరికింది. "వద్దు పెద్దమ్మా" అంది. పెట్టమన్నాను. ఆయన గొంతు, పక్కన కూర్చున్నట్టే. మా అక్క గేదె ఈనిందని చదువుతూ మధ్యలో ఆగిపోయారు. కాగితం కింద పడింది. తర్వాత ఏమీ లేదు. ఎంత ఏమీ లేదంటే, మూసిన తలుపు అవతల నా గాజులు వినపడుతున్నాయి. కుక్కరు కూత. తిరగమోత. ఆ తర్వాత నేనే, పదేళ్ళ చిన్నదాన్ని, "అన్నం వడ్డించనా?" అన్నాను.

"ఊఁ" అన్నారు.

"అది కుర్చీ కిర్రుమన్న చప్పుడు పెద్దమ్మా" అంటుంది ఈ పిల్ల. మూడుసార్లు పెట్టించాను. దీనికేం తెలుసు? ఏమడిగినా ఆయన అనేది అదే. నా పెళ్ళినాటి నుంచీ విన్నదాన్ని. పాత డబ్బా అయితే ఆ హోరులో అది కలిసిపోయేది, నేనూ బతికిపోయేదాన్ని.

ఆఖరి మాటలని మొదట రాయించింది తప్పమ్మడూ. కొట్టెయ్యకు, ఉండనీ. పదేళ్ళు గడిచాయనుకున్నాను గానీ, ఆ మధ్యాహ్నం ఆ తలుపు వెనక ఇంకా అవుతూనే ఉంది. ఏదీ, ఇదంతా ఒకసారి చదివి వినిపించు. ఆ తలుపు మాత్రం తీసే ఉంచు.