ఉతకని చొక్కా

ఆ రోజు ఉదయం ఐదూ ఇరవైకి పాల వ్యాను ఊరి మొదట్లో హారన్ కొట్టింది. అప్పటికి నేను పెద్దపంజాణి మండలంలోని ఒక పల్లెలో, రెడ్డెప్ప అనే లారీ డ్రైవరు ఇంటి పశువుల కొట్టం ముందు నిలబడి ఉన్నాను. పోలీసు శాఖలో అది నా చివరి చలికాలం. మదనపల్లెలో స్పెషల్ బ్రాంచి ఏఎస్సైగా పనిచేస్తున్నాను. పుంగనూరు మొదలు కుప్పం దాకా విదేశీయులకు సంబంధించిన విచారణలు నాకే అప్పగించేవారు.

స్పెషల్ బ్రాంచి పని దొంగలను పట్టడం కాదు. వెళ్లి చూడడం, అడగడం, నివేదిక రాయడం. జిల్లా ఎస్పీయే విదేశీయుల నమోదు అధికారి కూడా. మనదేశం మనిషిని పెళ్లాడిన విదేశీ స్త్రీ ఇక్కడ ఉండాలంటే ఎంట్రీ వీసా కావాలి. గడువు తీరేలోగా దాన్ని పొడిగించుకోవాలి. అందుకు భర్త స్పాన్సరుగా సంతకం పెట్టాలి. ఆమె పోషణకు, నడవడికకు, అవసరమైతే తిరుగు ప్రయాణానికి తనదే పూచీ అని దాని అర్థం. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వెళుతుంది, విచారణ మాత్రం మనిషి వెళ్లి చేయాలి. ఇంటికి వెళ్లి, ఇరుగుపొరుగును అడిగి, వాంగ్మూలాలు తీసుకోవాలి. మా నివేదికలో అన్నిటికంటే బరువైన మాట ‘కలిసి ఉంటున్నారు’ అన్నది. అది రాస్తే పొడిగింపు వస్తుంది. రాయకపోతే దేశం విడిచి వెళ్లమని ఆమెకు నోటీసు వస్తుంది.

రెడ్డెప్ప ఆ సంతకం పెట్టడం అది రెండోసారి. కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు లోర్నా అనే ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెళ్లి చేసుకుని ఊరికి తీసుకొచ్చాడు. ఆమె ఇక్కడ కొన్నేళ్లు కాపురం చేసింది. తల్లికి జబ్బు చేసిందని వెళ్లింది, తిరిగి రాలేదు. పవర్ ఆఫ్ అటార్నీ పంపితే మదనపల్లె కోర్టులో పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. ఆ తర్వాత, కువైట్ రోజుల్లోనే పరిచయమున్న నిలంతి అనే శ్రీలంక స్త్రీని రిజిస్ట్రారు దగ్గర పెళ్లి చేసుకున్నాడు. ఆమె వీసా గడువు ఆ నెలాఖరుకు తీరిపోతోంది.

ఒకరికి పూచీ పడి నిలుపుకోలేనివాడు ఇంకొకరికి పూచీ పడుతున్నాడు, గట్టిగా చూడండి అని మా ఇన్‌స్పెక్టరు అన్నాడు. ఆయన అనుమానం తప్పు కాదు. డబ్బు పుచ్చుకుని ఇలాంటి పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు ఉంటారు. పైగా లోర్నా దేశం విడిచినట్టు మా దస్త్రంలో కాగితం లేదు. ఆ వివరం పై ఆఫీసు నుంచి తెప్పించుకునేలోగా నిలంతి గడువు దాటిపోతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇంటికి తాళం వేసి ఉంది. నిలంతి ఆవుకు పెట్టే బూసా కోసం పుంగనూరు పోయిందని, రెడ్డెప్ప కుప్పం దగ్గర పనిలో ఉన్నాడని తెలిసింది. రెండు కయ్యల అవతల, అంటే రెండు మడుల దూరంలో, మునెమ్మ అనే ముసలావిడ ఇల్లు ఉంది. ఆమె మంచం వాల్చి కూర్చోమంది. కొత్తగా వచ్చిన భార్య గురించి అడిగాను.

“ఏ భార్య? ఇద్దురూ ఉండారు కదప్పా,” అంది.

మళ్లీ అడిగాను.

“సిలోనామె పగులు కనిపిస్తాది. ఆ పాతామె, ఫిలిప్పీనామె, తెల్లారుజామున పాలు పిండను వస్తాది. పోయింది పోయింది అన్నారు గానీ ఆయమ్మ యాడికీ పోలే. అదే నీలం సొక్కా, అదే తలగుడ్డ. దినమ్మూ సూస్తాండాను. నా కండ్లకేం, ఆపరేషన్ సేసినారు.”

నేను దాన్ని వాంగ్మూలంగా రాసుకోలేదు, కానీ విన్నదాన్ని విననట్టు చేయలేను. ఆమె చెప్పింది నిజమైతే మొదటి భార్య గడువు దాటి దాక్కుని ఉన్నట్టు, రెండో పెళ్లి కాగితాల కోసం చేసుకున్నట్టు. నివేదిక ఒక్క వాక్యంలో అయిపోతుంది.

ఒక రోజు విడిచి కుప్పం వెళ్లాను. శాంతిపురం దగ్గర ఒక గ్రానైట్ యూనిట్‌లో రెడ్డెప్ప లారీ అద్దం తుడుస్తున్నాడు. సూపర్‌వైజరును విడిగా అడిగితే, రోజు విడిచి రోజు డ్యూటీ అని, దిగగానే బస్సు పట్టుకుని ఇంటికి పోతాడని, పండక్కి ఓవర్‌టైమ్ ఇస్తామన్నా ఉండడని చెప్పాడు. తర్వాత రెడ్డెప్పను పిలిచి మునెమ్మ మాట చెప్పాను. అతను గుడ్డ పిండి బానెట్ మీద ఆరేశాడు.

“రేపు పాలు పిండే పొద్దుకు రాండి సార్. నోటితో సెప్తే కత మాదిరి ఉంటాది,” అన్నాడు.

నేను వెళ్లబోతుంటే వెనకనుంచి అడిగాడు. “మీరు లేదని రాస్తే ఆయమ్మను పంపించేస్తారా సార్?”

నిబంధన అదేనని చెప్పాను.

“ఇంగోతూరి ఏర్‌పోర్టుకు పోయి ఒగరిని వొదిలిపెట్టి రావల్లంటే నాతో కాదు సార్.”

మరునాడు చీకటితోనే మదనపల్లెలో బయలుదేరాను. మా ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి నా స్వెట్టర్, దాని పక్కనే నా భార్యది ఉంటాయి. ఆమె పోయి అప్పటికి ఏడాది నిండలేదు. నాది తీసుకుని, ఆమెది కదలకుండా తలుపు వేశాను.

ఆ విధంగా వ్యాను హారన్ కొట్టే వేళకు రెడ్డెప్ప కొట్టం ముందు ఉన్నాను. మునెమ్మ కూడా కంబళి కప్పుకుని వచ్చింది. లోపల మసక వెలుతురులో ఒక మనిషి అటు తిరిగి, గొంతుక్కూర్చుని జెర్సీ ఆవును పిండుతోంది. మగవాళ్ల నీలం గళ్ల చొక్కా, తలకు పసుపు గుడ్డ.

“నేను సెప్పలే?” అంది మునెమ్మ. “ఆయమ్మే.”

చెంబు నిండాక ఆ మనిషి లేచి ఇటు తిరిగింది. పాస్‌పోర్టులో ఫొటో చూసి ఉన్నాను. ఆమె నిలంతి. చొక్కా విప్పి కొట్టం గుంజకున్న మేకుకు తగిలించింది, తలగుడ్డ దాని మీద వేసింది. పాలు క్యానులో పోసి రెడ్డెప్ప చేతికిచ్చింది. అతను వ్యాను దగ్గరకు పరిగెత్తాడు.

పశువులున్న ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కొన్ని ఆవులు ఒక్క చేతికే మరుగుతాయి. ఆ మనిషి లేకపోతే చేపవు, అంటే పొదుగులోకి పాలు దించవు. అప్పుడు వేరేవాళ్లు ఆ మనిషి బట్ట కట్టుకుని పిండుతారు. ఈ ఆవును దూడగా ఉన్నప్పటినుంచి లోర్నాయే సాకింది. చొక్కా నిజానికి రెడ్డెప్పదే. చలికి నైటీ మీద అది తొడుక్కుని ఆమె పాలు పిండేది. ఆమె వెళ్లిపోయాక చాలాకాలం రెడ్డెప్పే ఆ చొక్కా, ఆ తలగుడ్డ వేసుకుని పిండాడు. ఇప్పుడు నిలంతి వేసుకుంటోంది. మునెమ్మ రెండు కయ్యల అవతలనుంచి ఇన్నాళ్లూ ఆ చొక్కానే చూసింది.

నిలంతిని అడిగాను. తెలుగు కువైట్‌లో మనవాళ్ల దగ్గర నేర్చుకున్నదట, ఈ ఊరి యాస అప్పుడే పట్టేసింది.

“నా బట్టతో పోతే తంతాది సార్. ఈ సొక్కాతో పోతే నిలబడతాది.”

నీకు కష్టంగా లేదా అన్నాను. అది నా ప్రశ్నల్లో లేనిది. అయినా అడిగాను.

“ఆవుకు ఆయమ్మ కావల్ల. మాకు పాలు కావల్ల,” అని నవ్వింది. తర్వాత ఆవు వీపు నిమిరి, “ఇది సూలుతో ఉండాది. ఈసారి దూడ నా సేతిలో పడతాది. ఆ దూడ నాకే మరుగుతాది,” అంది.

మునెమ్మ అరుగు మీద కూర్చుని అంతా విన్నది. వాంగ్మూలం రాసి చదివి వినిపించాను. వేలిముద్ర వేస్తూ, “ఆవే మోసపోయిండాది, నేనొక లెక్కనా అప్పా,” అంది.

వ్యాను పోయాక రెడ్డెప్ప నన్ను బండి దాకా సాగనంపాడు. చొక్కా మురికిగా ఉంది, ఉతకరా అని అడిగాను.

“ఉతికితే ఆవు సేపదు సార్,” అన్నాడు. నేను బండి స్టాండు తీస్తుంటే నేలకేసి చూస్తూ, “ఆవుకే లే సార్. మొదట్లో నాకు గూడా,” అన్నాడు.

నివేదిక ఆ మధ్యాహ్నమే రాశాను. ఇద్దరూ కలిసి ఉంటున్నారని, మొదటి భార్య అక్కడ లేదని, సాక్షి పొరబాటుకు కారణం ఏమిటో రాశాను. ఇందులో ఆవు ఎందుకని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఆవును తీసేస్తే రేపు ఆ ముసలావిడ మాట ఇంకెవరికైనా మళ్లీ చేరుతుందని, అప్పుడు జవాబు దస్త్రంలో ఉండదని చెప్పాను. ఆయన మళ్లీ చదివి సంతకం పెట్టాడు. రెడ్డెప్ప చివర అన్న మాట మాత్రం రాయలేదు. దానికి ఫారంలో గడి లేదు, ఉన్నా రాసేవాణ్ణి కాదు.

నేను డ్యూటీ నుంచి రాగానే నా భార్య నీళ్లు కాచి పెట్టి, ఈ పొద్దు ఎవరిని చూసొచ్చినావు అని అడిగేది. పేర్లు చెప్పేవాణ్ణి కాదు, మిగతాది చెప్పేవాణ్ణి. ఆమె వింటూ తనకు తోచిన ప్రశ్న ఒకటి వేసేది. చాలాసార్లు నేను విచారణలో అడగడం మరిచిపోయిన ప్రశ్న అదే అయ్యేది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, స్వెట్టర్ కొక్కేనికి తగిలించి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నిలంతిని కష్టంగా లేదా అని నేను అడిగిన ప్రశ్న నా భార్య వేసేలాంటిదేనని అప్పుడు తోచింది.

పొడిగింపు గడువులోగానే వచ్చింది. నేను రిటైరైన తర్వాత పుంగనూరు బస్టాండులో రెడ్డెప్ప కనిపించి, ఆవు పెయ్యదూడను ఈనిందని, నిలంతి చేతిమీదే కాన్పు జరిగిందని చెప్పాడు. ఈనిన తర్వాత ఆవు నిలంతిని ఆమె సొంత బట్టలతోనే దగ్గరికి రానిచ్చిందట. ఒక పాలవేళ మరిచిపోయి చొక్కా తొడుక్కోకుండానే వెళ్లి కూర్చుందట, అది తన్నలేదట.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఒక ఇంట్లో వెళ్లిపోయిన మనిషి వస్తువు ఇంకా మేకుకు వేలాడుతుంటే, ఆ ఇంట్లో ఇప్పుడున్న కాపురం అబద్ధమని దానికి అర్థం కాదు. రెండూ ఒకే కప్పు కింద ఉండగలవు. విచారణాధికారి రెండిటినీ చూడాలి, ఒకదాన్నే రాయాలి.

చొక్కా ఏం చేశారని రెడ్డెప్పను అడిగాను. ఉతికి పెట్టెలో పెట్టారట. ఇప్పుడు పాలు పిండడానికి దాన్ని ఎవరూ తొడుక్కోవడం లేదు.