తలకిందులుగా నాటిన పెండలం పుల్లలు

కర్రపెండలం దుంప ఊరకపోతే నాటిన మనిషి చెయ్యి మంచిది కాదనడం అన్యాయం. మొన్న కాశీబుగ్గ బజారులో దుంపలు బేరమాడుతుంటే, ఈసారి పంట సన్నబడటానికి కొత్తగా వచ్చిన కూలిమనిషి చెయ్యే కారణమని అమ్మే ఆయన తాపీగా చెప్పాడు. నాకు ఒళ్లు మండి, కొనకుండానే వచ్చేశాను.

పందొమ్మిదివందల అరవైల చివర్లో మా నాన్న మంచాన పడ్డాక, అక్కుపల్లి దారిలోని మా ఇసకనేల సాగు నా మీద పడింది. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ని, ఇరవయ్యేళ్లవాణ్ని, తెలిసింది తక్కువ, తొందర ఎక్కువ. మొదటి పుల్ల ఇంటి ఆడమనిషి చేత నాటించడం మా వైపు ఆనవాయితీ. అమ్మ నాన్నను వదిలి రాలేకపోయింది కనుక పక్కింట్లో ఉండే మా పిన్నిని పిలిచాను. ఆవిడకు పిల్లలు లేరు. పెండలం కర్రల్ని జానెడేసి పుల్లలుగా నరికి, తలా మొదలూ చూడకుండా బుట్టలో గుమ్మరించింది నేను. ఒక పుల్ల తిప్పి చూస్తూ ఆవిడ ఏదో అనబోతే, వాన ముంచుకొస్తోంది, కానియ్యమని కసిరింది కూడా నేనే.

చాలదన్నట్టు, అందరికన్నా ముందు బజారుకు తేవాలని ఆకు పండి రాలకముందే పీకించాను. వేలి లావు దుంపలు వచ్చాయి. గట్టు మీద నిలబడ్డ వరస మావ ఒకాయన, "పిల్లల్లేని సెయ్యి పెడితే దుంపేటి ఊరుతాదిరా అల్లుడూ" అన్నాడు. నలుగురూ నవ్వారు. పిన్ని బుట్ట దించి ఇంటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత తన పెరట్లో మిరప మొక్క కూడా నాటుకోలేదు.

అందరూ వెళ్లాక దుబ్బులు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఆకు రాలిన మచ్చకు పైన మొలకెత్తే కన్ను ఉన్న, అంటే తల పైకే నాటిన పుల్లకు కాసిని దుంపలైనా చుట్టూ పట్టాయి. తలకిందులుగా పడ్డ పుల్లకు మొలక మట్టిలోనే మెలి తిరిగి పైకొచ్చింది, కింద వట్టి పీచు. అప్పుడే అర్థమైంది నాకు. అర్థమయ్యీ నోరు మెదపలేదు.

మరుసటి ఏడు కన్ను పైకి ఉండేలా ఏరి నాటి, ఒక్క సాలు మాత్రం కావాలనే తిరగేసి పెట్టాను. ఆకు పండి రాలేదాకా ఆగాను. మంచి సాళ్లలో ఒక్క దుబ్బు పెకలించడానికి ఇద్దరు కావలసివచ్చింది. తిరగేసిన సాలు మళ్లీ పీచే. ఆ మావనే పిలిచి రెండూ చూపించి, నిరుడు తప్పు నాదని అందరి ముందూ చెప్పి, పిన్ని గుమ్మంలోకి వెళ్లి అదే మాట ఆవిడకూ చెప్పాను.

ఆవిడ చేతులు ఆడినన్నాళ్లూ మా నేలలో మొదటి పుల్ల ఆవిడదే. ఆ చేతి తిండి తిని మా ఇల్లు నిలబడింది, ఆ రుణం నాకు తీరేది కాదు. ఇప్పుడు పెండలం వేసేవాళ్లు తగ్గారు, పీకిన దుబ్బు తిరగేసి చూసేవాళ్లు మరీ తగ్గారు. నేను తప్పు ఒప్పుకున్న ఆ రోజు పిన్ని కొబ్బరి పీచు వలుస్తూనే నా మాటంతా వింది. చివరికి తలెత్తి అంది:

"ఏడాది పట్టిందేట్రా ఆ మాట నోటికి రాడానికి? సర్లే. ఈసారి పుల్లలు నాను కోత్తాను, నువ్వు గోతులు తియ్యి."