సద్దుల నాటికి రాని గొంతు

నెల్లికుదురులో మా పక్కింటి సునందకు నోట్లో నాలుక లేదంటారు. బతుకమ్మ దగ్గర మాత్రం ఆమె ఎత్తుకుంటేనే ఊరి ఆడవాళ్లంతా అందుకుంటారు. మొగుళ్లపల్లి నుంచి కోడలిగా వస్తూ వాళ్లమ్మ పాటలన్నీ వెంట తెచ్చుకుంది. వాటిలో ఒకటి బతుకమ్మ ఆఖరి రోజు, సద్దుల నాడు తప్ప పాడదు. గౌరమ్మను సాగనంపాక మళ్లీ ఏడాది దాకా దాన్ని నోట రానివ్వకూడదని వాళ్లమ్మ నియమం. ఆ తల్లి పోయి చాలా ఏళ్లయింది.

"గా పాట పాడుతుంటే మా అవ్వ నా పక్కన నిలబడి చప్పట్లు కొట్టినట్టే ఉంటదక్కా" అనేది నాతో, వాళ్లమ్మను తలచుకుని.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న ఏడాది అది. బస్సులు బందు. సద్దుల బతుకమ్మను నడిరోడ్డు మీదే ఆడాలనుకున్నాం. సరిగ్గా పండుగ ముందు సునందకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది.

ఇక చూడాలి మా ఊరి ఆడవాళ్ల ప్రేమ! ఎవరింట్లో మిగిలిన యాంటీబయాటిక్ గోళీలు వాళ్లు కొంగున ముడేసుకుని వచ్చారు. చీముగడ్డకు వాడగా మిగిలినవి ఒకరివి, పంటినొప్పికి రాసినవి ఇంకొకరివి. పాట మీది ఆశతో సునంద కాదనకుండా అన్నీ మింగింది. కడుపు చెడింది గాని గొంతు రాలేదు. నాకు ఒళ్లు మండి ఆమెను సర్కారు దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టర్ సంధ్య లైటు వేసి గొంతు చూసింది. "గీ గోళీలు ఎవరిచ్చిన్రు?"

"ఊరంతా" అన్నాను.

"గివి బ్యాక్టీరియాను చంపుతయక్కా. దాని చుట్టున్న గోడను కూలగొడతయి. నీకొచ్చింది వైరస్. దానికి గసుంటి గోడే లేదు. మన కణాలల్ల సొచ్చి, మన సామానుతోనే పెరుగుతది. ఇగ గోళీ దేన్ని కొట్టాలె? నీ ఒళ్లే దాన్ని ఎల్లగొడతది. గోరువెచ్చని నీళ్లు తాగు, మాట్లాడకు."

"సద్దులకు వస్తదా డాక్టరమ్మా?" సునంద గుసగుసగా అడిగింది.

"చెప్పలేను. గుసగుస గూడ వద్దు. బలవంతంగ పాడితే ఇంకా ఆలస్యమైతది."

సద్దుల నాడు రోడ్డు పొడుగునా బతుకమ్మలే. ఆ పాట వంతు వచ్చేసరికి అలవాటు కొద్దీ అందరం ఆమె వైపు చూశాం. పెదవులు కదిలాయి, ఏమీ రాలేదు. ఆ పాటను మొదటి నుంచి చివరి దాకా పాడటం ఇంకెవరికీ రాదు. వేరే పాట ఎత్తుకుని బతుకమ్మలను సాగనంపాం.

కొద్దిరోజులకు ఇద్దరం పత్తి ఏరుతున్నాం. ఆమె అప్పటికి ఏ మందూ వాడటం లేదు.

"అక్కా, జర నీళ్లు అందుకో" అంది సునంద, ఎప్పటి గొంతుతోనే. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"గొంతొచ్చిందే! పాడరాదు? ఈడ ఎవరున్నరు మనం తప్ప?"

ఆమె నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. "వద్దక్కా. గౌరమ్మ పోయింది గద."

తిరిగి పత్తి చెట్ల మీదికి వంగింది. "ఈ ఏడు మా అవ్వ రాలేదక్కా" అంది. పత్తి ఏరుతూనే ఏడ్చింది.