గుడి చుట్టూ తిరిగినట్టు

మొన్న ఆదివారం పొద్దున్న, మా ఇంటి పైభాగంలో అద్దెకుంటున్న అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగి వచ్చింది. బెంగుళూరు కుందలహళ్ళిలో మా వీధి నిండా ఇలాంటి ఉద్యోగాల పిల్లలే. అందరూ నన్ను అంకుల్ అంటారు, రిటైరైన మనిషికి పేపరు చదవడం తప్ప మరో పని రాదనుకుంటారు. ఈ అమ్మాయి మాత్రం నేనొకప్పుడు కంప్యూటరు తెర మీద బొమ్మలు గీయించే ప్రోగ్రాములు రాసేవాడినని ఎవరి దగ్గరో విన్నదట. "అంకుల్, సింపుల్ ట్రయాంగిలే, మూడు వర్టెక్స్‌లు ఇచ్చాను, కోడ్ అంతా కరెక్టే, స్క్రీన్ మాత్రం బ్లాంక్‌గా వస్తోంది" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఆ మూడు బిందువులూ, వాటిని రాసిన వరుసా కనిపించగానే తప్పెక్కడుందో తెలిసిపోయింది.

నా ఈడు వాళ్ళలో ఈ పనితో పరిచయం లేనివారి కోసం కాస్త చెప్పాలి. కంప్యూటరుకు త్రిభుజమంటే తెలియదు, చతురస్రమంటే అసలే తెలియదు. మూలలు ఎక్కడెక్కడున్నాయో అంకెల్లో చెబితే, వాటిని కలిపి రంగు నింపుతుంది. చతురస్రం కావాలంటే రెండు త్రిభుజాలు అతికించుకోవాలి. తిరకాసంతా ఆ మూలలు చెప్పే వరుసలో ఉంది. గడియారం ముల్లుకు ఎదురుగా చెప్పుకుంటూ పోతే ఆ త్రిభుజం మనకు ముఖం పెట్టిందనుకుంటుంది, ముల్లు తిరిగే వైపు చెబితే వీపు పెట్టిందనుకుంటుంది. పని తగ్గుతుంది కదా అని వీపులు గీయవద్దని ఒక్క మాట చెప్పామా, ఇక వీపు పెట్టిన ప్రతిదాన్నీ గీయకుండా వదిలేస్తుంది.

ఈ సంగతి నాకే సరిగా తెలియని రోజుల్లో, గుంటూరు నుంచి కొత్తగా వచ్చి, హొసూరు రోడ్డు మీద ఒక చిన్న కంపెనీలో చేరాను. యంత్రాల విడిభాగాలను తెర మీద అటూ ఇటూ తిప్పి చూపించే ప్రోగ్రాము మా పని. కాగితం మీది డ్రాయింగులు చూసి బిందువులు రాసిపెట్టడానికి ఒక అక్క ఉండేది. రోజూ అత్తిబెలె నుంచి బస్సులో వచ్చేది. అంతకు ముందు ఇరవై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీ డ్రాయింగు గదిలో బోర్డు ముందు నిలబడి గీతలు గీసి, ఆ గది మూతపడ్డాక, నలభై దాటిన ఆడమనిషికి ఎవరూ పని ఇవ్వని రోజుల్లో, ఎక్కే గడపా దిగే గడపాగా తిరిగి తిరిగి మా దగ్గర చేరింది. ఆమె ఉద్యోగం మీదే ఆ ఇల్లు నడిచేది.

నన్ను తమ్ముడని పిలిచేది, చిరాకేస్తే "ఏమప్పా" అనేది. ఆమె తెచ్చిన రాగిముద్దలో నాకూ సగం తుంచిపెట్టి, దాన్ని మింగాలే తప్ప నమలకూడదని తెలియక నేను నమలబోతే పడీ పడీ నవ్వేది. గుండ్రం గీయాలంటే కంప్యూటరుకు సన్నటి త్రిభుజాలు బోలెడన్ని పేర్చాలని నేను చెప్పినప్పుడు, "కంపాసుతో ఒక తిప్పు తిప్పితే వచ్చేదానికి ఇన్ని ముక్కలా, గుండ్రమే రాని మిషను ఏం మిషనప్పా" అని వెక్కిరించింది. అయినా తను రాసిన బిందువుల నుంచి ఒక పంపు మూత తెర మీదికి వచ్చి మొదటిసారి తిరిగిన రోజు, కుర్చీలోంచి లేచి నిలబడి చాలాసేపు చూసింది.

చేరిన కొత్తలోనే, మూలలు ఏ వైపు నుంచి రాయాలని ఆమె నన్ను అడిగింది. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి ఇంజనీరుననే పొగరు అడ్డొచ్చింది. గుడి చుట్టూ తిరిగినట్టు రాయక్కా అనేశాను, అంటే గడియారం ముల్లు తిరిగే వైపే. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే, ప్రతి గ్రాఫు కాగితం పైన అదే రాసుకుని పని మొదలుపెట్టేది. చదివింది కన్నడ బడిలో కనుక, రాసేది తెలుగు మాటే అయినా అక్షరాలు కన్నడవి.

వీపులు వదిలేయమని అప్పటికి ప్రోగ్రాములో చెప్పలేదు కాబట్టి నెలల తరబడి ఏ తేడా రాలేదు. కొనేవాళ్ళు చూడటానికి వస్తున్న రోజు పొద్దున్న, బొమ్మ చురుగ్గా తిరగాలని ఆ మాట నేనే చేర్చాను. సరిగా పరీక్షించలేదు. అందరూ చూస్తుండగా పంపు ముందు గోడలన్నీ మాయమై, లోపలి వైపు మాత్రం బయటపడింది. వచ్చినవాళ్ళు మర్యాదగా టీ తాగి వెళ్ళిపోయారు.

మేనేజరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచి, బిందువులు రాసిందెవరని అడిగాడు. ఆయనకు కన్నడమూ తెలుగూ రావు, అక్కకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆమె కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, పైదాని మీద వేలు ఆనించి, నా వైపు తిరిగి, "దీంట్లో ఏమి రాసుండాదో సారుకి నువ్వే చెప్పప్పా" అంది. కూడబలుక్కుని చదివితే కన్నడ అక్షరాలు మనకూ తెలుస్తాయి కదా. 'గుడి సుట్టూ తిరిగినట్లు, తమ్ముడు చెప్పినాడు' అని ఉంది. ఆ గదిలో అది చదవగలిగినవాళ్ళం మేమిద్దరమే. నా ఉద్యోగం ఆ నెలలోనే ఖాయం కావలసి ఉంది. ఆమె గుర్తు కోసం ఏదో రాసుకుందని ఇంగ్లీషులో చెప్పాను.

ఆ మాత్రం ఇంగ్లీషు అక్కకు అర్థమైంది. కాగితాలు సర్ది, "సరేలేప్పా" అని బయటికి నడిచింది. ఆమెను సోమవారం నుంచి రావద్దన్నారు.

ఆ తరువాత నేను చేసిన మరమ్మతు ఏమిటంటే, ఇకపై ముల్లు తిరిగే వైపే ముఖమనుకోమని ప్రోగ్రాములో ఒక్క వాక్యం చేర్చడం. అంతే, పంపు నిండుగా వచ్చేసింది. అక్క రాసిన వేల బిందువుల్లో ఒక్కదాన్ని కూడా ముట్టుకోవలసిన అవసరం రాలేదు, ఎక్కడా వరుస తప్పలేదు. మేనేజరు నా భుజం తట్టాడు, ఉద్యోగం ఖాయమైంది, ఇప్పుడు నేనుంటున్న ఇల్లు ఆ ఉద్యోగంతో కట్టుకున్నదే. ఆ తరువాత హొసూరు వైపు ఎన్నోసార్లు వెళ్ళాను, బస్సు ప్రతిసారీ అత్తిబెలెలో ఆగేది. సిగ్గులేని మనిషిని, ఒక్కసారైనా దిగలేదు.

ఇప్పుడు బిందువులు కాగితం మీద ఎవరూ రాయరు, ఎంత పెద్ద బొమ్మకైనా మూలలన్నీ కంప్యూటరే లెక్కవేసుకుంటుంది. ఏదో నేర్చుకోవడానికి తప్ప ఈ మూడు మూలల త్రిభుజం ఎవరికీ పట్టదు. ఆ అమ్మాయికి వరుస తిప్పి రాయమని చెప్పాను, ఎర్రటి త్రిభుజం తెర మీదికి వచ్చింది. ఆమె అక్కడే ఫోను తీసి, తనతో పనిచేసేవాళ్ళకు 'మిస్టేక్ నాదే, సారీ' అని పంపించి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ అందుకుంది. ఈ కాలం పిల్లలకు ఆ మాట అంత తేలిగ్గా ఎలా వస్తుందో అని చూస్తూ కూర్చున్నాను.

"ఒక్కసారి చూడగానే ఎలా కనిపెట్టారు అంకుల్?" అని అడిగింది. అక్క మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళ తరువాత నా ఉద్యోగం తీసేవాళ్ళెవరూ లేరు, వినేది ఒక్క పరాయి పిల్ల.

"ఎక్స్‌పీరియన్సమ్మా" అన్నాను.