పామర్రులో ఆస్ట్రేలియా ఆటగాళ్ళకి వకాల్తా

ఆస్ట్రేలియా క్రికెట్ జట్టంటే నాకు ఒళ్ళు మంట. మనం ఫైనల్‌దాకా వెళ్ళి, దేశమంతా పనులు మానుకుని టీవీల ముందు కూర్చున్నాక, తీరా కప్పు వాళ్ళు పట్టుకుపోవడం ఒకసారి కాదు, రెండుసార్లు చూశాను. మా మేనమామ మాత్రం ఆ జట్టులోని ఒక వికెట్ కీపర్ని ఇంట్లో మనిషిలా వెనకేసుకొచ్చేవాడు. మావయ్యకి పామర్రులో ఎరువుల కొట్టు ఉండేది. పెళ్ళిలో పంక్తి భోజనాల దగ్గర ఎవరైనా ఆ కీపర్ని ఒక్క మాటంటే చాలు, విస్తరి ముందు పెట్టుకుని వాదనకి దిగేవాడు. మనిషికి పిచ్చేమిటా అనుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో మావయ్య చనిపోయాడు. డిసెంబరు మొదట్లో ఆయన స్నేహితుడు, రైసు మిల్లు బసవయ్య గారు బెంగళూరులో ఉన్న నాకు ఫోన్ చేశారు. "బాబూ, మీ మావయ్య కీపరు ఖాళీగా ఉన్నాడు. క్రిస్మస్ మర్నాడు మెల్‌బోర్న్‌లో టెస్టు మొదలవుద్ది. ఆ రోజు మీ తరఫున ఎవరన్నా వస్తే సరే, లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. అడిగేవాళ్ళున్నారు మరి" అన్నారు. వచ్చేటప్పుడు ఒక స్టీలు గ్లాసు తెచ్చుకోమని, పేరు సంగతి అక్కడికొచ్చాక చూసుకుందామని కూడా చెప్పారు. నాకు ముక్క అర్థం కాలేదు. మా అమ్మని అడిగితే చెప్పింది. పామర్రులో ఒక హోటల్ ఉందట. అక్కడ తెల్లవారుజామున ఆస్ట్రేలియాలో జరిగే టెస్టులు చూసేవాళ్ళు తలా ఒక గొప్ప ఆటగాడికి వకాల్తా పుచ్చుకుంటారట. ఎవరేమన్నా ఆ ఆటగాడి తరఫున వాళ్ళే జవాబు చెప్పాలి. వకాల్తా తీసుకున్న మనిషి పోతే, ఆ ఆటగాడు ఇంకొకరికి వెళతాడు.

మావయ్య కొట్టు అమ్మేశారు. స్కూటర్ ఎవరో కొనుక్కున్నారు. ఆయన నోటివెంట అన్నేళ్ళు విన్న ఆ కీపర్ని కూడా ఎవరికో వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. దాంతోపాటు, ఇంతకీ ఆయనలో మావయ్యకి ఏం కనిపించిందో తెలుసుకోవాలన్న కుతూహలం కూడా ఉంది. సెలవు పెట్టేశాను.

క్రిస్మస్ నాడు మధ్యాహ్నం గన్నవరంలో విమానం దిగాను. బయట ఆటోవాళ్ళు విజయవాడకి ఐదారు వందలు అడుగుతున్నారు. లగేజీ లేకపోతే హైవే మీదకి నడిచి బస్సెక్కడం మేలు, ట్రాఫిక్‌ని బట్టి ముప్పావు గంటో గంటో పడుతుంది. బస్టాండు దగ్గర లాడ్జిలో బ్యాగు పడేసి, సాయంత్రం వన్ టౌన్‌కి వెళ్ళాను. తోపుడుబళ్ళు, ఆటోలు, బస్తాలు మోసేవాళ్ళ మధ్య అంగుళం చోటు దొరికితే అదే మన దారి. స్టీలు సామాన్ల కొట్టులో బరువైన గ్లాసు ఒకటి ఏరుకున్నాను. గిన్నె కొంటే పేరు వేయించుకోవడం మనకి అలవాటే కదా, కొట్టతను చిన్న మిషను చేతిలోకి తీసుకుని "పేరేం వెయ్యమంటారండీ?" అని అడిగాడు.

"కీపరు గారు అని వెయ్యండి."

"అపార్ట్‌మెంట్ కీపరాండీ?"

"కాదండీ, వికెట్ కీపరు. ఆస్ట్రేలియా."

అతను మిషను ఆపి నా మొహంలోకి చూశాడు. "ఫైనల్ పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదండీ. అంతా పస్తే" అన్నాడు. అయినా అక్షరాలు మాత్రం ముత్యాల్లా చెక్కాడు. పేరు సంగతి అక్కడ చూసుకుందామన్న బసవయ్య గారి మాట నాకు అప్పుడు గుర్తు కూడా రాలేదు. మన మావయ్య ఆటగాడు మనకి కాక ఎవరికిస్తారన్న ధీమా.

మర్నాడు ఐదింటికల్లా బస్టాండులో ఉన్నాను. మచిలీపట్నం వెళ్ళే బస్సేదైనా పామర్రు మీదుగానే పోతుంది, టికెట్ వంద లోపే. కంకిపాడు దాటాక మంచు కమ్మేసింది, డ్రైవరు అద్దం తుడుచుకుంటూ నిదానంగా పోనిచ్చాడు. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక కాసేపు ఆగాం. వెలుగొచ్చేసరికి రెండు పక్కలా కోసిన వరి చేలు, కుప్పలు, వరి కొయ్యకాళ్ళ మధ్య పచ్చగా లేస్తున్న మినుము కనిపించాయి. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి.

పామర్రులో క్రికెట్ చూసే హోటల్ ఎక్కడని కండక్టర్ని అడిగాను. "ఆస్ట్రేలియా హోటలాండీ? సెంటర్లో దిగి గుడివాడ రోడ్డులోకి నడవండి. కేకలు వినపడిన చోట ఆగిపోవడమే" అన్నాడు. నిజంగానే అలాగే దొరికింది.

పెద్ద హోటలేం కాదు. నాలుగు బల్లలు, గోడకి టీవీ, దాని పైన ఫ్రేము కట్టించిన పాత ఫోటో ఒకటి. ఆ ఫోటోలో ఉన్నది, అందరికంటే గొప్ప సగటు సాధించి, ఆఖరి ఇన్నింగ్స్‌లో సున్నాకి అవుటైన పాతకాలపు బ్యాట్స్‌మన్. "ఈయనకి ఎవరు వకాల్తా?" అని అడిగితే, హోటల్ యజమాని కోటేశ్వరరావు గారు నవ్వారు. "ఆయనకెందుకండీ? ఆయన్ని ఎవరు మాటంటారు?" అన్నారు. ఇంకో సంగతి గమనించాను. అక్కడ ఆటగాళ్ళని ఎవరూ పేరు పెట్టి పిలవరు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు గనక కీపరు గారు, మీసాలాయన, స్పిన్ను ఆయన, ఇలాగే అంటారు. నేనూ ఇక్కడ అదే పద్ధతి పాటిస్తున్నాను.

పెసరట్టు ఉప్మా తింటుండగా బసవయ్య గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. డెబ్భై దాటిన మనిషి, గొంతు మాత్రం మిల్లు చప్పుడు మీద వినిపించేటంత. ఆయనది మీసాల ఫాస్ట్ బౌలరు. "వెన్నెముక విరిగింది, ఇంక ఆడలేడన్నారు బాబూ. లేచొచ్చి మళ్ళీ అంతే స్పీడున వేశాడు. నాకు నడుంనెప్పి వచ్చినప్పుడల్లా ఆయన్నే తలుచుకుంటా" అన్నారు. కోటేశ్వరరావు గారిది లెగ్ స్పిన్నరు. అడిగిందే తడవుగా నిమ్మకాయ ఒకటి తీసుకుని, కాళ్ళ వెనక పడ్డ బంతి తిరిగి అవతలి వికెట్‌ని ఎలా తాకిందో బల్ల మీద చేసి చూపించారు. నిమ్మకాయ తిరగలేదు, నా సాంబారులో పడింది.

"మన ఆటగాళ్ళుండగా వీళ్ళెందుకండీ?" అని అప్పటిదాకా బిగబట్టుకున్న ప్రశ్న అడిగేశాను.

"రేడియో రోజుల్లో మనవాళ్ళ గురించే వాదించుకునేవాళ్ళం బాబూ. ఒకళ్ళకి ఒకళ్ళు మాటల్లేకుండా పోయేవి. రెండు వియ్యాలు తప్పిపోయినాయి" అన్నారు బసవయ్య గారు. "అందుకని దూరపోళ్ళని పట్టుకున్నాం. వాళ్ళ కోసం ఎంత కొట్టుకున్నా సాయంత్రానికి కలిసిపోతాం." స్టీలు గ్లాసులు కూడా అందుకేనట. గాజువి పెడితే వికెట్ పడ్డప్పుడల్లా బల్ల మీద కొట్టి పగలగొట్టేవాళ్ళని కోటేశ్వరరావు గారు చెప్పారు.

మన టైము ఏడింటికి అక్కడ లంచ్. ఆ నలభై నిమిషాల్లోనే ఇక్కడ వకాల్తాలు తేలతాయి. నియమం చిన్నదే. ఆటగాడి గొప్ప ఒకటి, లోటు ఒకటి చెప్పాలి. ఆయన ఆట ఎక్కడ చూశారో, లేదా ఎవరి దగ్గర విన్నారో చెప్పాలి. ఇద్దరు పోటీకి వస్తే చూసినవాళ్ళకి ముందు, విన్నవాళ్ళకి తరవాత. ఇద్దరూ చూసినవాళ్ళయితే పోయినాయన ఇంటివాళ్ళకి.

నాకు పోటీగా లేచినావిడ శారద గారు, హైస్కూల్లో లెక్కల టీచరు. రెండేళ్ళుగా వస్తున్నారట, ఇంకా సొంత ఆటగాడు లేరు. వరల్డ్ కప్ సెమీఫైనల్ సంగతి చెప్పారు. బంతి కీపరు గారి బ్యాటు అంచుకి తగిలి, ప్యాడ్ మీద పడి, అవతలి కీపరు చేతిలో పడింది. అంపైరు కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అయినా కీపరు గారు తనంతట తను పెవిలియన్ వైపు నడిచి వెళ్ళిపోయారు. "మా పక్కింట్లో చూస్తున్నానండీ. ఇంటర్ పరీక్షలు, చేతిలో పుస్తకం ఉంది. 'పిచ్చోడా, ఎందుకెళ్తున్నావు' అని గట్టిగా అరిచాను. ఆ అరుపుకి ఇప్పటికీ సిగ్గేస్తది. పిల్లలు కాపీ కొడుతూ దొరికినప్పుడు తిట్టను, ఈ కథే చెప్తాను" అన్నారు. లోటు కింద, ఒక ఫైనల్లో బ్యాటు మీద పట్టు కుదరడానికి గ్లవ్ లోపల చిన్న స్క్వాష్ బంతి పెట్టుకుని ఆడిన సంగతి చెప్పి, అది నిబంధనలకి విరుద్ధం కాదని కూడా ఆవిడే జవాబిచ్చారు.

తరవాత నేను లేచాను. "గొప్పా, లోటూ టీచరు గారు చెప్పినవే. ఆ నడక నేనూ చూశానండీ. మావయ్య ఎరువుల కొట్లో, చిన్న టీవీలో. యూరియా కోసం వచ్చినవాళ్ళు అరుస్తున్నారు, మావయ్యకి వినపడలేదు. కీపరు గారు నడవగానే, కాటా వదిలేసి లేచి నిలబడ్డారు. ఆయన పెవిలియన్‌లోకి వెళ్ళేదాకా కూర్చోలేదు." మావయ్య అలా నిలబడడం నా కళ్ళకి కట్టినట్టుంది. బసవయ్య గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

"ఇద్దరూ చూశారు. ఇంటివాళ్ళకే" అని తేల్చేశారు.

శారద గారు "సరేనండీ, న్యాయమే కదా" అని, బల్ల మీద పెట్టుకున్న గ్లాసు తీసి బ్యాగులో సర్దుకున్నారు. ఆవిడ గ్లాసు మీద ఏ పేరూ లేదు. నా గ్లాసు మీద నిన్నటి నుంచే ఉంది.

నిజానికి ఆ సెమీఫైనల్ రోజు నేను మావయ్య కొట్లో లేను. విజయవాడలో కాలేజీ హాస్టల్లో మధ్యాహ్నం నిద్రపోతున్నాను. మావయ్య ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడంటే, చెప్పగా చెప్పగా నేనే చూసినట్టయిపోయింది. ఎవరూ నన్ను అనుమానించలేదు. టీవీలో ఆటగాళ్ళు మళ్ళీ మైదానంలోకి వస్తున్నారు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే కీపరు గారు మా ఇంట్లోనే ఉండిపోతారు. కానీ తనంతట తనే అవుటని ఒప్పుకున్న మనిషిని అడ్డం పెట్టుకునా నేను అబద్ధం చెప్పింది! నా మీద నాకే అసహ్యం వేసింది.

"బసవయ్య గారూ, నేను చూడలేదండీ. మావయ్య చెప్పగా విన్నదే. కీపరు గారు టీచరు గారికే చెందాలి" అన్నాను.

ఆయన తొందరపడకుండా నా వైపు తిరిగారు. "తెలుసు బాబూ. ఆ రోజు యూరియా కోసం అరిచింది నేనే. కొట్లో నేనూ, మీ మావయ్యా, ఇద్దరమే."

"మరి నాకెందుకు ఇచ్చేశారండీ?"

"వాడి కీపరు వాడి ఇంట్లోనే ఉండాలని నాకూ ఉండదా?" అన్నారు. ఆయన గొంతు మొదటిసారి తగ్గింది.

నా గ్లాసు శారద గారికి ఇచ్చేశాను, పేరుతో సహా. ఆవిడ ముందు వద్దన్నారు, తరవాత తీసుకుని, అందులోనే టీ పోయించుకుని తాగారు. ఖాళీ చేతులతో లేవబోతుంటే బసవయ్య గారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ పుచ్చుకోని వకాల్తా ఒకటుందట. ఆయనొక కెప్టెన్. తొలి టెస్టులోనూ సెంచరీ, ఆఖరి టెస్టులోనూ సెంచరీ. అంతటి బ్యాట్స్‌మన్, ఒక మ్యాచ్‌లో ఆఖరి బంతికి అవతలివాళ్ళు సిక్సరు కొట్టి టై చేసుకోకుండా, బంతిని నేల మీద దొర్లించమని బౌలింగ్ చేస్తున్న సొంత తమ్ముడికే చెప్పాడు. అప్పటి నియమాల్లో అది తప్పు కాదు, కానీ ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు.

"కీపరు గారికి వకాల్తా తేలిక బాబూ, ఎవరైనా చెయ్యొచ్చు. ఈయన గురించి మాట్లాడాలంటే తప్పు చేసినప్పుడు కడుపులో ఎట్టా ఉంటదో తెలియాలి. నీకు ఇందాకే తెలిసింది" అన్నారు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, చెవులు మాత్రం వేడెక్కిపోయాయి.

మధ్యాహ్నానికి మళ్ళీ వన్ టౌన్ చేరాను. నిన్నటి కొట్లోనే ఇంకో గ్లాసు తీసుకుని, "ఆఖరి బంతి కెప్టెను గారు" అని వెయ్యమన్నాను.

"ఈయనెవరండీ? మంచోడేనా?" అన్నాడు కొట్టతను.

"ఇంకా తెలీదండీ. కనుక్కుంటున్నాను" అన్నాను.

మావయ్యకి ఆ కీపర్లో ఏం కనిపించిందో నాకు ఇప్పుడు అర్థమైంది. ఎవరూ చూడకపోయినా, అంపైరు వదిలేసినా, మనకి మనం తెలుస్తాం. ఆ నడక ఎంత కష్టమో ఒక బల్ల దగ్గర నిజం ఒప్పుకోవడంలోనే తెలిసొచ్చింది నాకు. అంత పెద్ద మైదానంలో ఆయన ఎలా నడిచాడో! ఇన్నేళ్ళూ నేను ఆస్ట్రేలియావాళ్ళని గెలిచిన కప్పులతోనే కొలిచి తిట్టుకున్నాను. తిరుగు విమానంలో కూర్చుని, నేల మీద దొర్లిన ఆ బంతి వీడియో పదేపదే చూశాను. బంతి కంటే, దాన్ని వేయాల్సి వచ్చిన ఆ తమ్ముడి మొహమే చూడబుద్ధి అయింది. వచ్చే క్రిస్మస్ మర్నాడు ఆ అన్న తరఫున నేను ఏం చెప్పాలో ఇంకా తోచడం లేదు. మావయ్య ఉంటే ఫోన్ చేసి అడిగేవాణ్ణి.

మీరూ వెళ్ళదలుచుకుంటే ఒక్క సలహా. ఏడింటికి ముందే చేరుకోండి, గ్లాసు వన్ టౌన్‌లో కొనుక్కోండి, పేరు మాత్రం తిరిగొచ్చేటప్పుడు వేయించుకోండి.