బొగ్గు కారులో చిత్తూరుకు

మా ఇంట్లో ఒక అద్దె కారు ఉంది. మా వారు పోయిన తరువాత అది నా పేరు మీదికి వచ్చింది. తిరుపతి కొండకు వచ్చిన యాత్రికులను తిరుచానూరు, కాళహస్తి, చంద్రగిరి తిప్పుతూ అది మా సంసారాన్ని కూడా లాగుతూ వచ్చింది. యుద్ధం వచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టాక మాకు నెలకు ఆరు గాలన్లే దొరుకుతున్నాయి. చిత్తూరుకు ఒక్కసారి పోయివస్తే అందులో అయిదు గాలన్లు అయిపోతాయి. మిగతా రోజుల్లో కారు కొట్టంలోనే ఉంటుంది. ఈ మధ్య ఒక పిల్లి దాని వెనుక సీటులో పిల్లల్ని పెట్టింది. అది చూసి మా అబ్బాయి రంగయ్య, "అమ్మా, ఇక అమ్మేద్దాం. వేలూరు నుంచి ఒకాయన బుధవారం వచ్చి తీసుకుంటానన్నాడు" అన్నాడు. పదకొండేళ్ళుగా ఆ కారు నడుపుతున్న మునిరత్నం ఆ మాట విని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు వచ్చి, బొగ్గుతో నడిచే గ్యాసు పీపా ఒకటి కారుకు తగిలిస్తారనీ, వారం రోజులు వాడి చూసి నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చుననీ చెప్పాడు.

ఆ వారంలోనే చిత్తూరులో నా మనవరాలు వైదేహి కూతురికి అన్నప్రాశన వచ్చింది. ముహూర్తం తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు. నేను ఇద్దరినీ పిలిచి చెప్పాను: "ముహూర్తం దాటకముందే బొగ్గుతో చిత్తూరు చేరితే కారు మన ఇంట్లోనే ఉంటుంది, మునిరత్నం కూడా ఉంటాడు. చేరకపోతే వేలూరు ఆయన తోలుకుపోతాడు. ఆ తరువాత ఎవరూ నా దగ్గర గొణగకూడదు."

మీలో కూడా చాలామంది ఇప్పుడు ఇదే ఆలోచనలో ఉన్నారని విన్నాను. అందుకే జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

పెట్రోలు కారులో అయితే తాళం చెవి తిప్పి బయలుదేరవచ్చు. బొగ్గు కారును మాత్రం పాలు కాచినట్లు కాచుకోవాలి. మునిరత్నం నాలుగున్నరకే వచ్చి, కారు వెనుక నిలబెట్టిన పీపాలో ఒక బస్తా బొగ్గు పోసి నిప్పు రాజేశాడు. పక్కనున్న చక్రం చేత్తో తిప్పుతూ అరగంట గాలి కొట్టాడు. గొట్టం చివర అగ్గిపుల్ల పెట్టినప్పుడు నీలిమంట వెలిగితే గ్యాసు తయారైనట్లు. ఇంజను కదలడానికి మొదట కొద్దిగా పెట్రోలు కావాలి, ఒక సీసాడు చాలు. పీపా సామాన్ల చోటు ఆక్రమించింది కాబట్టి పెట్టెలు పైన కట్టాం. రెండో బస్తా బొగ్గు ముందు రోజే తెచ్చి ఇంటి వెనుక వసారాలో ఉంచాం. దాన్నీ పైకెక్కించాం. అయిదున్నరకు నేను, నా ఆడపడుచు శేషమ్మ, రంగయ్య బయలుదేరాం.

చంద్రగిరి వరకు హాయిగా సాగింది. పెట్రోలుతో గంటకు ముప్పై మైళ్ళు పోయే కారు ఇప్పుడు ఇరవై దాటలేదు. అయితే ఆ నిదానంలో ఒక సుఖం ఉంది. కోట గోడల మీద పడిన పొద్దుటి ఎండనూ, దారి పక్క వేరుశనగ చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళనూ తీరికగా చూడగలిగాను. వాళ్ళు నడుములు ఎత్తి మా పొగ చూసి నవ్వారు. శేషమ్మ చేయి ఊపింది. ఇన్నేళ్ళలో ఆమె రోడ్డు మీద ఎవరికైనా చేయి ఊపడం నేను చూడలేదు.

ముందు ఎత్తు ఉందని, పనపాకం ఇవతలే మునిరత్నం కారు ఆపి రెండో బస్తాలో సగం పీపాలో పోశాడు. మళ్ళీ కదిలి ఒక మైలు కూడా పోలేదు, ఇంజను దగ్గింది. ఊళ్ళోకి వచ్చి రైలు స్టేషను ఎదుట బొగ్గుల అంగడి ముందు ఆగిపోయింది. గొట్టాల కీళ్ళలో నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.

అంగడి ఆమె, పేరు ఎల్లమ్మ, లేచి వచ్చి కారు చుట్టూ తిరిగింది. "ఏమప్పా, కారుకు పడిశం పట్టిందా? ముక్కు కారతా ఉండాదే!"

మునిరత్నం బస్తాలో చేయి పెట్టి ఒక బొగ్గు తీశాడు. అది నల్లగా తళతళలాడుతోంది. "అమ్మా, ఇది తడిసిపోయుండాది. రాత్రి వాన కూడా పళ్ళేదే! నీళ్ళు యాడ నుంచి వచ్చినాయి?"

రంగయ్య గడియారం చూసి, "ఏడున్నర. వేలూరు ఆయనకు బేరం ఖాయం" అన్నాడు.

అప్పుడు శేషమ్మ నెమ్మదిగా గొంతు సవరించుకుంది. "బజారు బొగ్గు కదా, వదినా. ఎవరెవరు ముట్టుకున్నారో ఏమో. నిన్న సాయంత్రం నాలుగు బిందెలు పోసి కడిగాను. బాగానే వడగట్టాను కూడా."

మా ఇంట మడి వంటకు కట్టెలైనా బొగ్గులైనా కడగనిదే పొయ్యిలోకి పోవు. శేషమ్మ ఆ పనిని యాభై ఏళ్ళుగా ఒక్కరోజు తప్పకుండా చేస్తోంది. కారుకు మడి లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మునిరత్నం ఏడుస్తాడేమో అనుకున్నాను. అతడు రోడ్డు మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "పదకొండేండ్లుగా కారును నేను కడగతా ఉండాను. మీరు దాని తిండి కూడా కడిగిస్తిరి గదమ్మా!"

ఎల్లమ్మ నవ్వలేదు. తన బస్తాలో నుంచి రెండు బొగ్గులు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. కంచు గిన్నె తగిలినట్లు ఖణేల్మని మోగాయి. మా బొగ్గులు రెండు తీసి కొట్టింది. చప్పుడు మట్టిబెడ్డల్లాగా వచ్చింది. "ఇదో, ఇట్ల మోగాల. మోగనిది బొగ్గు గాదు" అని మోగిన రెండింటినీ శేషమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు పెట్టుకో పెద్దమ్మా, గుర్తుంటాది." శేషమ్మ వాటిని కొంగున ముడి వేసుకుంది.

తిరుపతిలో బస్తా రూపాయిన్నర. ఎల్లమ్మ రూపాయి పదణాలు చెప్పింది. ముహూర్తం ముంచుకొస్తున్నా నేను బేరం ఆడాను. చివరకు ఎక్కువ అడిగిన ఆ రెండణాలకు మా తడి బొగ్గును తన అంగడి వెనుక బండమీద ఆరబోసి సాయంత్రం దాకా చూసుకునేట్లు ఒప్పుకుంది. పీపా ఖాళీ చేసి, మసి ఊడ్చి, కొత్త బొగ్గు పోసి నిప్పు పెట్టారు. ఇక చక్రం తిప్పాలి. మునిరత్నం చేతులు అప్పటికే బొబ్బలెక్కాయి. రంగయ్య ముందుకు వచ్చాడు గాని శేషమ్మ అతణ్ణి పక్కకు నెట్టింది.

"నీళ్ళు పోసింది నేను. తిప్పేదీ నేనే."

"మజ్జిగ చిలికినట్లు గాదు పెద్దమ్మా," అని ఎల్లమ్మ నడుము మీద చేయి పెట్టుకుని అరిచింది, "తిరగలి తిప్పినట్లు తిప్పల్ల! ఇంకా! ఇంకా!"

శేషమ్మ తిప్పింది. రైలు కోసం వచ్చినవాళ్ళు చుట్టూ గుమికూడి ఈలలు వేశారు. నీలిమంట వెలిగినప్పుడు అందరికంటే గట్టిగా కేక పెట్టింది రంగయ్యే.

ఆ తరువాత ఒక ఎత్తు వచ్చింది. గ్యాసుకు ఎత్తు ఎక్కే శక్తి తక్కువ. నేను దిగి నడిచాను, కారు కంటే ముందే పైకి చేరుకున్నాను. రంగయ్య వెనుక నుంచి తోశాడు. పైకి వచ్చేసరికి అతని పంచె, ముఖం, కొత్త ఉత్తరీయం అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. "ఇంత తోసి కూడా ముహూర్తానికి చేరకపోతే నేనూరుకోను" అన్నాడు. అప్పుడే నాకు తెలిసింది, వాడి మనసు ఏ వైపుకు మళ్ళిందో. పూతలపట్టు దాటాక దారి చదునుగా ఉంది. చిత్తూరులో వైదేహి గుమ్మం ముందు ఆగేసరికి పదీ నలభై.

స్నానాలకు వ్యవధి లేదు. కాళ్ళు, చేతులు, ముఖాలు కడుక్కున్నాం. శేషమ్మ మైలబట్ట అని దూరంగా గడప దగ్గర కూర్చుంది. ఆకలితో, ఆలస్యంతో విసిగిపోయిన పసిపిల్ల ఎవరి ఒళ్ళోనూ నిలవకుండా గుక్కపట్టి ఏడుస్తోంది. పాయసం నోటికి తగలనివ్వడం లేదు. ముహూర్తం జారిపోతోందని పురోహితుడు తొందరపడుతున్నాడు. శేషమ్మ కొంగు ముడి విప్పి ఆ రెండు బొగ్గులూ తట్టింది. పిల్ల ఏడుపు ఆపింది. మళ్ళీ తట్టింది. పిల్ల నోరు తెరిచి నవ్వింది. ఆ తెరిచిన నోట్లో వైదేహి మొదటి ముద్ద పెట్టేసింది. తరువాత పుస్తకం, కలం, బంగారం, వెండి వరసగా పెట్టి పిల్లను వదిలారు. అది దేన్నీ చూడకుండా అన్నిటి మధ్య నుంచి పాకుతూ గడప దగ్గరికి పోయి బొగ్గు పట్టుకుంది.

"చూడమ్మా, ఇది కూడా కారు ఉంచమంటోంది" అన్నాడు రంగయ్య.

"నేను శకునాలు చూసి లెక్కలు వేయను" అన్నాను. వాకిట్లో మునిరత్నం రెండు చేతులతో ముఖం కప్పుకుని నిలబడి ఉన్నాడు. "బండి నీడకు పెట్టి భోజనానికి రా. వేలూరు ఆయనకు రేపు ఉత్తరం రాయిస్తాను" అని చెప్పాను.

సాయంత్రం పనపాకంలో ఆరిన బొగ్గు పోసుకుని, దానితోనే ఇంటికి వచ్చాం. పీపా ఖరీదు అటుంచితే, ప్రయాణం లెక్క ఇలా తేలింది. పోనూ రానూ పెట్రోలుకు తొమ్మిది రూపాయలు అయ్యేది, అదీ కూపన్లు ఉంటేనే. బొగ్గుకు, సీసాడు పెట్రోలుకు, బట్టల సబ్బుకు కలిపి అయిదుకు లోపలే అయింది. రెండు గంటల దారికి మూడున్నర గంటలు వేసుకోవాలి. శేషమ్మ లాంటివారు వెంట ఉంటే అయిదు. పాకాల మీదుగా రైలు వీటన్నిటికంటే చవక, కానీ అది మన ముహూర్తం అడగదు. జబ్బు మనిషిని తీసుకుపోవాలన్నా, కొండ మీదికి ఘాటు రోడ్డు ఎక్కాలన్నా పెట్రోలే మేలు. అందుకని మా కూపన్లు వాటికి దాచి, మిగతా తిరుగుడంతా బొగ్గుతో చేస్తున్నాం. ఇంతకాలం ప్రయాణమంటే ఊరు చేరడమే అనుకునేదాన్ని. ఇప్పుడు కారుకు తిండి పెట్టి, ఊది, తోసి తీసుకుపోతుంటే, చేరిన ఊరు మా చేతులతో సంపాదించుకున్నట్లు ఉంది. పిల్లి, దాని పిల్లలు కొట్టం మూలకు మారాయి.

మీరూ బొగ్గు కారులో బయలుదేరేటట్లయితే, ప్రతి బస్తాలో అడుగు నుంచి రెండు బొగ్గులు తీసి తట్టి చూడండి. ఖణేల్మంటేనే ఎక్కించండి. మా ఇంట్లో ఆ పని శేషమ్మదే, చెవి దగ్గర పెట్టుకుని మరీ వింటుంది. బాగా మోగిన బస్తాను చూసినప్పుడల్లా ఆమె చూపు బిందెల వైపు పోతుంది కాబట్టి, బొగ్గు బస్తాలు కొట్టంలో పెట్టించి, తాళం చెవి నా దగ్గరే ఉంచుకున్నాను.